ఎనభై కాఫీ కొట్లు

సిక్కోలులో, అదే మా శ్రీకాకుళంలో, సూర్యుడికన్నా ముందు లేచేవాళ్ళు ముగ్గురే ముగ్గురని మా అమ్మ అప్పట్లో ఇరుగుపొరుగు వాళ్ళకి చెప్పుకునేది. పాలాయన, అరసవల్లి పూజారిగారు, నేను. వాళ్ళిద్దరికీ పుణ్యమో పైసలో దక్కేది. నాకు మాత్రం కళ్ళకింద నలుపు దక్కింది. నేను లేచేది దేవుడి కోసం కాదు, మెల్‌బోర్న్ కోసం. అక్కడ వాళ్ళు ఆఫీసు తలుపులు తీసే వేళకి మనకి తెల్లవారుజాము నాలుగు. ఆ వేళకల్లా నేను అరసవల్లి రోడ్డులో ఒక లాడ్జీ మీద ఉన్న గదిలో కూర్చుని, ఆస్ట్రేలియాలో ఏ కుర్రాడు కొత్త యాప్ పెట్టాడో, ఏ కంపెనీ ఆన్‌లైన్‌లో పరుపులు అమ్ముతోందో, ఆ దేశం వాళ్ళకే వార్తలుగా రాసి పంపుతుండేదాన్ని. (వాళ్ళ వార్తలు వాళ్ళే రాసుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించి అడిగాను. "మనం సవగ్గా రాస్తాం గదేటి" అన్నాడు మా బాస్. పాపం, అబద్ధం చెప్పే అలవాటు లేదు ఆయనకి.)

ఆ బాస్‌ని మేమంతా చాటున సిడ్నీ బావ అనేవాళ్ళం. చదువుకని సిడ్నీ వెళ్ళి, ఆ చదువు ఏమైందో ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చి, మెల్‌బోర్న్‌లోని ఒక చిన్న వార్తల వెబ్‌సైటుకి రాసిపెట్టే కాంట్రాక్టు పట్టుకున్నాడు. ఏం చెప్పినా "నో వర్రీస్" అనేవాడు. ముఖంలో మాత్రం వర్రీ తప్ప ఇంకోటి ఉండేది కాదు. మెల్‌బోర్న్ నుంచి ఎడిటరమ్మ ఫోన్ చేస్తే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు.

ఆ ఉద్యోగం నాకెందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. మా నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. మా తాతా మాస్టారే, పెద్దనాన్నా మాస్టారే, ఇద్దరు మేనత్తలూ టీచర్లే. మా ఇంట్లో అన్నం పెట్టమని అడిగినా ఎవరో ఒకరు వాక్యం సరిచేసి గానీ పెట్టేవారు కాదు. డిగ్రీ అవగానే నన్ను విజయనగరంలో బీఈడీలో చేర్చాలని నాన్న పట్టు. ఆ సుద్దముక్క బతుకు నావల్ల కాదు, రాసుకుని బతుకుతానని నేను. చివరికి రాజీ కుదిరింది. ఉగాదికల్లా ఎడిటరమ్మ నా ఉద్యోగం ఖాయం చేస్తే సరే, లేదంటే నోరు మూసుకుని బీఈడీ. రాజీ కుదిరాక నాన్న మాట తప్పలేదు. రోజూ చీకట్లోనే స్కూటరు మీద దింపి, తెల్లారేదాకా ఆఫీసులో గోడవార బెంచీ మీద కూర్చుని నిన్నటి పేపరు మళ్ళీ చదువుకునేవారు.

నాన్నకి లోకంలో పగ ఒక్క మాట మీదే ఉండేది. అది 'ఏటి'. "ఏటి కాదమ్మాయీ, ఏమిటి. మధ్యలో ఒక అక్షరం ఉంది, దాన్ని మింగకు" అని నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అమ్మ మీద ఆ ప్రయత్నం పెళ్ళైన కొత్తలోనే మానుకున్నారట. నేను నలుగురిలో జాగ్రత్తగా 'ఏమిటి' అనేదాన్ని. కంగారు పడితే మాత్రం అమ్మ కూతురినే.

ఇక ఆ పని సంగతి. మొదట్లో నాకూ హుషారుగానే ఉండేది. ఇంటికొచ్చి అమ్మకి కథలు చెప్పేదాన్ని. కొత్త కంపెనీలకి డబ్బు పెట్టేవాళ్ళని అక్కడ ఏంజెల్స్ అంటారే, దేవతలన్నమాట అని చెబితే, "దేవతలేటి, డబ్బులిచ్చీడమేటి! మనమే గదే ఉండీలో ఏస్తాం దేవుళ్ళకి" అనేది. మరి కొన్నాళ్ళకి నాకే మొహం మొత్తింది. రోజుకొకడు ప్రపంచాన్ని మార్చేస్తాననేవాడు. ఒకడు కుక్కని షికారు తిప్పే యాప్‌తో మారుస్తాడు, ఇంకొకడు ఇంటికే కూరగాయలు పంపి మారుస్తాడు. నిన్నటి వార్తలో కుక్క తీసేసి వంకాయ పెడితే ఇవాళ్టి వార్త అయిపోయేది. ప్రపంచం ఇంతమంది చేతుల్లో పడి మారుతున్నా, మా లాడ్జీ మెట్ల మీద లైటు మాత్రం మారలేదు. చీకట్లో తడుముకుంటూ ఎక్కేదాన్ని. ఎప్పుడు చూసినా నిద్ర. ఆదివారాలు కింద సూర్యనారాయణస్వామి దర్శనానికొచ్చిన జనం, ఆటోల రొద. పైన నేను ఆవలిస్తూ మెల్‌బోర్న్ వాడి ఉత్సాహాన్ని నా ఇంగ్లీషులో పొంగిస్తూ ఉండేదాన్ని. అలసట అంటే ఒంటికే వస్తుందనుకునేదాన్ని అప్పటిదాకా. అబ్బురపడీ అబ్బురపడీ కూడా వస్తుంది.

అలాంటి రోజుల్లో, ఉగాది ఇంకెంతో దూరం లేదనగా, ఎడిటరమ్మ నాచేత మొదటి ఇంటర్వ్యూ చేయించమంది. అంతవరకూ కంపెనీలు పంపిన కాగితాలు చూసి తిరగరాయడమే నా పని. ఈసారి మనిషితో మాట్లాడాలి. మెల్‌బోర్న్‌లో ఒక కుర్రాడు, కొట్టుకి చేరేలోపే ఫోన్లో కాఫీ చెప్పేసుకునే యాప్ పెట్టాడు. "ఇది బాగా సేసీ, ఇంక ఉగాది దాకా ఆగక్కర్లేదు. నో వర్రీస్" అన్నాడు సిడ్నీ బావ, చెమట తుడుచుకుంటూ. నేను ప్రశ్నలన్నీ బట్టీ పట్టాను. తెల్లారి నాన్న వెళ్ళిపోయాక చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను. ఇంటర్వ్యూలన్నీ రికార్డు చెయ్యాలని మెల్‌బోర్న్ వాళ్ళ నియమం, ఆ మీటా నొక్కాను.

మీరెప్పుడైనా ఆస్ట్రేలియా వాళ్ళ ఇంగ్లీషు విన్నారో లేదో. నేను పుస్తకాల్లో చదివిన ఇంగ్లీషుకీ దానికీ చుట్టరికం ఉంది కానీ రాకపోకలు లేవు. పైగా మా ఆఫీసు ఇంటర్నెట్. మాట సగం ఇటు వచ్చి సగం సముద్రంలో పడిపోయేది. మీ యాప్‌లో ఎన్ని కాఫీ కొట్లు చేరాయి అని అడిగాను. ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కంగారులో "ఏటి?" అన్నాను. అవతల నిశ్శబ్దం. లైను పోయిందేమోనని ఇంకాస్త గట్టిగా "ఏటీ?" అన్నాను. అతను కొంచెం ఆగి, కొంచెం నవ్వి, "యా... ఎయిటీ" అన్నాడు. హమ్మయ్య, ఇది అర్థమైంది. ఎనభై అని రాసుకున్నాను.

ఎంతమంది పనిచేస్తున్నారని అడిగాను. మళ్ళీ గొణిగాడు. "ఏటి?" అన్నాను. "నో నో, నాట్ ఎయిటీ!" అని కంగారుపడి ఒక్కో అక్షరం విడగొట్టి ముగ్గురన్నాడు. నేనెప్పుడన్నాను ఎనభై అని? ఈ మనిషికి ఎనభై పిచ్చేమో అనుకున్నాను. వచ్చే ఏడాదికి ఎన్ని ఊళ్ళకి వెళ్తారు అంటే మళ్ళీ అదే గొడవ. నేను "ఏటి?" అనడం, అతను "ఓ గాడ్, నో" అనడం. చివర్లో "మీకు ఆ అంకె అంటే చాలా ఇష్టంలా ఉంది" అన్నాడు. నాకు అర్థం కాకపోయినా మర్యాదకి నవ్వాను.

'మెల్‌బోర్న్‌లో ఎనభై కాఫీ కొట్లు ఈ యాప్‌లో' అని పెద్ద అక్షరాలతో వార్త వచ్చింది. అమ్మ పక్కింటావిడకి కూడా చూపించింది. ఆ సంబరం మర్నాడు తెల్లవారుజాము దాకా నిలిచింది. అక్కడ కొట్లవాళ్ళే లెక్క చూసి, ఎనభై ఎక్కడివి, పద్దెనిమిదేగా అని వెబ్‌సైటుకి ఫిర్యాదు చేశారట. కాఫీ కుర్రాడిని అడిగితే, "నేను పద్దెనిమిదనే చెప్పాను. మీ రిపోర్టరే ఎనభై, ఎనభై అని ఒత్తి ఒత్తి అడిగింది. ఆవిడ దగ్గర నాకు తెలియని లెక్కలున్నాయేమో అనుకున్నా" అన్నాడట. ఎడిటరమ్మ ఫోను. స్పీకర్లో పెట్టమంది. రికార్డింగు అందరి ముందూ వెయ్యమంది. అంకెలు కల్పించే మనిషిని ఒక్క రోజు కూడా ఉంచుకోనంది.

సిడ్నీ బావ లేచి నిలబడ్డాడు. మేమంతా కూడా ఎందుకో లేచి నిలబడ్డాం. కంప్యూటర్లోంచి నా గొంతు, బియ్యంలో రాయి తగిలినట్టు, "ఏటి?... ఏటీ?" అంది. గోడవార బెంచీ మీద పేపరు కిందికి దిగింది. నా ప్రాణం పోయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒక ఎత్తు, నాన్న ముందు ఆ మాట అలా మారుమోగడం ఇంకో ఎత్తు. "ఎందుకు ఎనభై అంటోంది ఈ అమ్మాయి?" అని ఎడిటరమ్మ గబగబా అడిగింది. ఆ వేగానికి సిడ్నీ బావ సిడ్నీ అంతా మర్చిపోయి, "ఏటండీ?" అన్నాడు.

"ఇప్పుడు మీరూనా!" అంది ఆవిడ.

ఇంక బీఈడీయే అనుకున్నాను. విజయనగరం బస్సు కూడా కళ్ళముందు కనపడింది. అప్పుడు నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, స్పీకరు దగ్గరికి వచ్చి, క్లాసులో నిలబడ్డట్టు నిలబడ్డారు. అంతకుముందు ఆయన విదేశీయులతో మాట్లాడగా నేను చూడలేదు. ఇంగ్లీషులోనే మాట్లాడారు, కానీ సంధులు చెప్పే గొంతుతో. "అమ్మా, నేను ఆ అమ్మాయి తండ్రిని, భాష చెప్పే మాస్టారిని. ఆమె అన్నది అంకె కాదు, ప్రశ్న. ఏమిటి అని అడగడానికి మా జిల్లా అంతా ఏటి అంటుంది." స్పీకరు మీదికి ఇంకాస్త వంగారు. "అది తప్పు కాదు. మా మాట అది" అన్నారు.

నేను నాన్న ముఖంలోకి చూడలేకపోయాను. ఆయన ఆ బెంచీ మీద నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఆయన కోరుకున్న బీఈడీ ఆయన కాళ్ళదగ్గరికి వచ్చి పడేది. అదీ వదులుకున్నారు, జీవితమంతా పెట్టుకున్న పగా వదులుకున్నారు, అదీ పరాయి దేశం ఆవిడ ముందు. నాకు ఏడుపొచ్చేసింది. స్పీకర్లో ఎడిటరమ్మ నవ్వు మొదలైంది, ఎంతకీ ఆగలేదు. ఆగాక, "అయితే పద్దెనిమిదా, ఎనభయ్యా?" అంది. "ఎయిటీన్!" అని గదిలో అందరం అరిచాం, నాన్నతో సహా.

ఉద్యోగం ఖాయమైంది, ఇక ఎవరితోనూ ఫోన్లో మాట్లాడకూడదు, అన్నీ మెయిల్లోనే అడగాలి అన్న షరతు మీద. సవరణ వేశారు. (సవరణ వద్దు, ఎనభై అంకె బాగా పనిచేస్తోందని కాఫీ కుర్రాడు బతిమాలాడట.) నాన్నే నన్ను స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్ళారు. గుమ్మంలో అమ్మ "ఏటైందే?" అని అడిగితే, "ఏమైంది అనాలి" అన్నారు, అలవాటు కొద్దీ, మరీ పట్టింపు లేకుండా.

ఆ తర్వాత రెండేళ్ళకే ఆ వెబ్‌సైటు మూతపడింది. అన్ని కంపెనీల పుట్టుకలూ చావులూ రాసినదానికి తన చావు రాసే దిక్కు లేకపోయింది. కాఫీ యాప్ అంతకుముందే పోయింది. నేను కొన్నాళ్ళు ఊరికే పడుకుని, నిద్ర బాకీ అంతా తీర్చుకుని, ఎవరూ చెప్పకుండానే విజయనగరం బస్సెక్కి బీఈడీలో చేరాను. ఇప్పుడు శ్రీకూర్మం రోడ్డులో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. పిల్లలు "ఏటి మేడమ్?" అంటే దిద్దను.

నాన్నకి ఈమధ్య చెవులు సరిగా వినపడడం లేదు. మొన్న పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ, పంచదార తగ్గించాను నాన్నా అన్నాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ముందుకి వంగి, "ఏటీ?" అన్నారు.

నేను ఆయన పక్కన కూర్చుండిపోయాను. "ఎనభై కాదు నాన్నా, పద్దెనిమిది" అన్నాను. అదీ వినపడలేదు. మళ్ళీ "ఏటీ?" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో తెలియకపోయినా ఆయనా నవ్వారు. ఆ లాడ్జీ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. ఇప్పుడు కనపడితే దాని తలమీద చెయ్యివేసి, "కాసేపు పడుకోవే, మెల్‌బోర్న్ ఎక్కడికీ పోదు" అని చెబుదును. "ఏటి?" అంటుంది, నాకు తెలుసు.