తెలుపులో పసుపు

రంగుల ఫ్యాక్టరీలో షేడు చూసే పెద్దాయనకు ఒకచోట కాలు నిలవదు. తొట్టెలో పుల్ల ముంచి అట్టముక్క మీద గీస్తాడు, అది ఆరేదాకా ఊదుకుంటూ కిటికీకీ తొట్టెకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. నెలరోజులుగా ఏ తెలుపు చూసినా, "పసుపు కొడుతోంది, ఇంకాస్త నీలం వెయ్యి" అంటున్నాడు. ఇంట్లోనూ దుప్పట్లు తెల్లగా ఉతకడం లేదని భార్యతో రోజూ పేచీ.

ఇవాళ రంగు కలిపేవాడికి ఓపిక చచ్చింది. "నీలం ఎక్కువైంది బాబాయ్, షేడు కొలిచే మిషనే చెబుతోంది!"

"మిషనుకేం తెలుసురా?" అంటూ అట్ట పట్టుకుని విసవిసా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎండకు కుడికన్ను మూసుకున్నాడు. ఎడమకంటికి అట్ట లేతనీలంగా కనిపించింది. కన్ను మార్చి చూశాడు. మల్లెపువ్వంత తెలుపు. మళ్ళీ మార్చాడు, మళ్ళీ నీలం.

కాసేపు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత భార్యకు ఫోను చేశాడు.

"ఆ దుప్పట్లు మళ్ళీ ఉతక్కు. తెల్లగానే ఉన్నాయి. పసుపు నా కుడికంట్లో ఉంది."