విమానం ఎక్కబోయిన అగ్గిపెట్టె

నేను ఆరో తరగతితో చదువు ఆపేశాను. ఆపేశానని నేనంటాను గానీ, ఆ రోజు మా పంతులు బడికి పట్టిన పీడ విరగడైందని పిల్లలకు పుట్నాలు పంచాడు. అలాంటి నాతో విమానం వాళ్ల కాగితం మీద సంతకం పెట్టించారంటే, గోదావరిఖనిలో అప్పట్లో చదువుకున్నవాళ్లకు ఎంత కరువో చూడండి.

అప్పుడు నేను బొగ్గుబావి పైన ల్యాంపు రూంలో పనిచేసేవాణ్ణి. బావిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు, నడుముకు కట్టుకునే బ్యాటరీలు ఇచ్చే గది అది. నాలుగేళ్లు బావి లోపల తట్టలతో బొగ్గెత్తి, కనబడిన ప్రతి సాబుకూ దండాలు పెడితే దొరికిన నీడపట్టు పని. అది పోతే మళ్లీ తట్టే.

కొత్త బ్యాటరీలు షిఫ్టు మధ్యలోనే ఆరిపోతున్నాయి. రెండింటిని కలకత్తాలో తయారుచేసినవాళ్లకే చూపించాలని, జల్ది చేరాలి గనుక హైదరాబాద్ నుంచి విమానంలో వేయాలని పైనుంచి హుకుం వచ్చింది. లోపల ఉండేది యాసిడ్. అందుకని వెంట నిబంధనల కాగితమూ వచ్చింది. మా ల్యాంపు రూం సాబు చదివి చెప్పాడు.

"యాసిడ్ ఒలకొద్దు. పెట్టె తలకిందులు కావొద్దు. ఏది పైకుండాలెనో బాణం గుర్తు వెయ్యాలె. మండే వస్తువు దాని పక్కకు గూడ రావొద్దు."

"గింత నాజూకు పెండ్లిపిల్లకు గూడ లేదు సాబ్! మమ్ములనైతే బావిలకు ఎట్లవడితే గట్ల దింపుతిరి. ఒక్క బాణం గుర్తన్న వేసిన్రా?"

"నువ్వు ఒలికితే ఎత్తిపోసెటందుకు మనుషులున్నరు. పని చూడు."

చెక్కపెట్టె తెచ్చి, నాలుగు వైపులా ఎర్రరంగుతో బాణాలు వేశాను. అడుగున గడ్డి పరిచి బ్యాటరీలు నిలబెట్టాను. ఇంతలో గని రక్షణ అధికారి తనిఖీకి వస్తున్నాడని కేక. ల్యాంపు రూంలో నిప్పు నిషేధం. నా జేబులో అగ్గిపెట్టె. బావి దగ్గర పెరిగిన చేతికి తనిఖీ అంటే ఏం చేయాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. అది గడ్డిలో దూరిపోయింది.

అధికారి నా జేబులు తడిమాడు. బాణాలు చూసి "శభాష్" అన్నాడు. ఆ శభాష్ తలకెక్కి మూత పెట్టి మేకులు కొట్టేశాను. 'ఇందులో మండే వస్తువు ఏదీ లేదు' అన్న కాగితం మీద, పంతులు చూస్తే కళ్లు చెమర్చేంత గుండ్రంగా సంతకం పెట్టాను. సాయంత్రం బీడీకి నిప్పు లేక, నా అగ్గిపెట్టె కొట్టేశాడని పక్కింటివాణ్ణి తిట్టాను కూడా.

నాలుగో రోజు పెట్టె హైదరాబాద్ నుంచే తిరిగొచ్చింది; విమానం ఎక్కించే ముందు మూత విప్పి చూశారట. సాబు బల్ల మీద రెండు బ్యాటరీలు, నా అగ్గిపెట్టె.

"ఎవనిదిది?"

"విమానపోళ్లదే కావచ్చు సాబ్."

"మరి దీని మీద నీ హాజరు నెంబరు వాళ్లెందుకు రాసుకున్నరు?"

గిన్నె నుంచి గొడుగు దాకా ప్రతి వస్తువు మీద నెంబరు రాసుకోవడం మా కార్మికుల అలవాటు. దొంగలు పడకుండా. దొంగ నేనే అయినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మరుసటి వారం తట్ట పట్టుకుని బావి దగ్గర నిలబడ్డాను. కిందికి దిగే ముందు బీడీలు, అగ్గిపెట్టెల కోసం అందరి జేబులూ వెతికే ముసలి కాక దగ్గర నా వంతు వచ్చింది. రెండు చేతులూ పైకెత్తాను.

"మంచిగ వెతుకు కాక. నా దగ్గర ఏం దొరకది."

ఆయన నన్ను ముట్టుకోనైనా లేదు.

"నీ దగ్గర ఎందుకు దొరుకుతదిరా? నువ్వు దాచింది దొరకాల్నంటే హైదరాబాద్ పోవాలె. నడు, దిగు."