గురువారం గోళీలు

మూడేళ్ల క్రితం వానాకాలంలో, హనుమకొండలోని ఒక దవాఖానలో తలసీమియా వార్డు కౌన్సెలర్‌గా చేరాను. ప్రాజెక్టు ముగిసేదాకా ఉండే కాంట్రాక్టు ఉద్యోగం అది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. అడగవలసిన ప్రశ్నలన్నీ ముందే అచ్చు వేసి ఉంటాయన్న ధైర్యంతోనే చేరాను.

తలసీమియా ఉన్నవారి ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. కొన్ని వారాలకోసారి ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము కూడా చేరి గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని దించడానికి రోజూ మాత్రలు వేసుకోవాలి. పిల్లల తిండి, నిద్ర, ఆట, బడి గురించి అడిగి, వాళ్ల జీవితం ఎంత సాఫీగా ఉందో మార్కులు వేయడం నా పని. తల్లిని, బిడ్డను విడివిడిగా అడగాలి. ప్రాణానికి ముప్పయితే తప్ప బిడ్డ చెప్పింది బయటపెట్టకూడదు.

అఖిల తొమ్మిదో తరగతి. తల్లి రాజమణి మరమగ్గాల దగ్గర కండెలు చుట్టేది. ఆ అమ్మాయి ఒంట్లో ఇనుము ప్రతి పరీక్షకూ పెరుగుతూనే ఉంది. మాత్రలు పారేస్తోందని డాక్టరు గారి అనుమానం. ఇంకోసారి పెరిగితే ఇనుము దించే మందు ఎక్కించే పంపు పెడతానన్నారు. అంటే రాత్రిళ్లు పొట్ట చర్మం కింద సూదితో పడుకోవాలి. ఆ మాటంటేనే అఖిలకు భయం.

"నా కండ్ల ముంగటనే మింగుతది మేడం," అంది రాజమణి. "ఇనుము ఉంటదని ఇంట్ల బెల్లం ముట్టనియ్య. ఇనుప మూకుడు సుత పాత సామానోనికి ఏసిన. మా అత్త ఖర్జూరాలు తెస్తే వాపస్ పంపి, ఆమెతోని మాటలు పడ్డ. ఇంకేం జెయ్యాలె?"

తర్వాత అఖిలను ఒంటరిగా కూర్చోబెట్టాను. జబ్బు వల్ల బడిలో ఇబ్బంది ఉందా అన్న ప్రశ్నకు "ఎన్నడూ లేదు" అని టిక్కు పెట్టింది. వార్డులో అంత మంచి మార్కులు ఎవరికీ రాలేదు. సంతోషం పట్టలేక, కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను. బడిలో నీకు బాగా నచ్చేదేమిటని.

"గురువారం అక్కా. రక్తం పెరుగనీకె గోళీలు ఇస్తరు గద. అందరికి కడుపుల తిప్పుతదట. నేనైతే నీళ్లు లేకున్నా మింగుత. మా బెంచోళ్లు వాళ్లయి గూడ నాకే ఇస్తరు. గోళీల రాణి అంటరు నన్ను."

అవి రక్తహీనత రాకుండా బళ్లలో వారానికోసారి ఇచ్చే ఇనుము మాత్రలు. తల్లి మూకుడుతో సహా ఇంట్లోంచి తరిమేసిన ఇనుమును, బెంచీ మొత్తం వంతు కలిపి ఈ పిల్ల బడిలో మింగుతోంది.

"నాకు రక్తం తక్కువనే గద," అంది నా మొహం చూసి. ఎప్పటి నుంచి అంటే ఏడో తరగతి సంది అంది. విషయం చెప్పేసరికి ఏడ్చింది. "వద్దంటే ఎందుకని అడుగుతరక్కా. రోగమని తెలుస్తది." రక్తం ఎక్కించుకునే రోజుల్లో కేసముద్రంలో అమ్మమ్మ దగ్గరికి పోయానని బడిలో చెబుతోందట.

ఇది ముప్పు కిందికే వస్తుంది. డాక్టరు గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. కారణం ఇదొక్కటే కాకపోవచ్చు గానీ ఇవాళే ఆగాలన్నారు. బడికి చీటీ రాశారు. రాజమణిని లోపలికి పిలిచి సంగతి చెప్పారు.

"నేను ఇంట్ల ఉపాసం ఉంచుతాన, నీకు బడిల దావత్ నడుస్తాందా బిడ్డా?" అంది ఆమె కూతురితో.

తర్వాతి పరీక్షలో ఇనుము తగ్గింది. పంపు మాట వాయిదా పడింది. అదే రోజు నా ప్రశ్నలు మళ్లీ అడిగాను. బడిలో ఇబ్బంది ఉందా అన్నచోట అఖిల ఈసారి "తరచుగా" అని పెట్టింది. చీటీతో జబ్బు సంగతి బడిలో తెలిసిపోయి, పక్కన కూర్చునేవాళ్లు బెంచీ మారారట. కలిసి తింటే అంటుకుంటుందని ఎవరో అన్నారట.

నేను వేసిన మార్కులు తగ్గాయి, ల్యాబు అంకె మెరుగైంది. రెండూ నిజమే. ఒక్కదాన్నే చూసి బిడ్డ బాగుందని రాయకూడదని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఇది అంటుకునే జబ్బు కాదని చెప్పడానికి, మరుసటి వారం ఆ బడికి వెళ్లేందుకు అనుమతి అడిగాను. అక్కడ మాట్లాడటానికి అచ్చు ప్రశ్నలేవీ లేవు.