డాబా మీది రైలుకు జరంత నీళ్లు

కరోనా వచ్చిన ఏడాది మా మామ కంటి ఆపరేషన్ కోసం గుజరాత్‌లో, నవాగామ్‌లోని మా ఇంటికి వచ్చాడు. వారం ఉండి, శుక్లం తీయించుకుని, ఫ్యాక్టరీల పేట సచిన్‌లో ఉన్న పెద్ద కొడుకు దగ్గరికి తిరిగి వెళ్లాలన్నది లెక్క. ఆయన వచ్చిన రెండు మూడు రోజులకే ఊరంతా మూసేశారు. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేసి, ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు తప్ప ఆపరేషన్లు చేయడం లేదని, శుక్లం ప్రాణం తీసే జబ్బు కాదని ధైర్యం చెప్పారు. మామకు ఆ ధైర్యం నచ్చలేదు.

రెండు జతల బట్టలతో పాటు ఆయన ఒక రేకు పెట్టె తెచ్చుకున్నాడు. అందులో ఒక రైలింజను ఉంది. మూరెడు కూడా ఉండదు. కడుపంతా ఇత్తడి బాయిలరు, కింద స్పిరిట్‌తో వెలిగే మూడు వత్తుల దీపం. నీళ్లు కాగి ఆవిరి పుడితే నిజం రైలులాగే పిస్టన్లు ఆడి చక్రాలు తిరుగుతాయి. మామ సచిన్‌లో ఒక సైజింగ్ ఫ్యాక్టరీలో బాయిలరు నడిపేవాడు. దారానికి గంజి పట్టించాలంటే ఆవిరి కావాలి, ఆ ఆవిరి ఆయన చేతిలో ఉండేది. యజమానికి ఈ ఆట ఇంజను మీద మోజు. చెడిపోయినప్పుడల్లా మామే బాగుచేసేవాడు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు యజమాని దాన్ని పట్టాలతో సహా మామకే ఇచ్చేశాడు. అప్పటి నుంచి మామ ఎక్కడికి వెళితే ఆ పెట్టె అక్కడికి వెళ్తుంది.

మా ఇంటికొచ్చిన మొదటి వారంలోనే, వత్తి అంటుకుందో లేదో కనిపించక, మామ వంగి దగ్గరగా చూశాడు. వత్తి అంటుకునే ఉంది. కుడివైపు మీసం సగం పోయింది. బీడీ ముట్టించుకుంటుంటే కాలిందని మాకు చెప్పాడు గానీ, ఆయన బీడీ మానేసి చాలా ఏళ్లయిందని కూతురికి తెలియకుండా ఉంటుందా. మా ఆవిడ అగ్గిపెట్టె తీసి కొంగున కట్టుకుంది. కండ్లు వచ్చేదాకా బాపు నిప్పు ముట్టొద్దు, ఇదే చట్టం అంది. మామ పెట్టె మూసేశాడు. సాయంత్రం నన్ను పిలిచాడు.

"సాంచాలు బందైనయ్. నీకు గూడ పనిలేదు. నేర్సుకో, అల్లుడా. నేను నోటితోటి నడుపుత, నువ్వు చేతితోటి నడుపు."

నా పని సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, దారం చుట్టే బీముల లెక్క. ఎన్ని పోగులు, ఎన్ని మీటర్లు, ఎంత దారం పడుతుంది, ఎంత వృథా పోతుంది, ఇవన్నీ బళ్లో ఎవరూ నేర్పలేదు, సాంచాల మధ్య నిలబడి నేర్చుకున్నాను. అందుకే ముందు అగ్గిపుల్ల గీయకుండా కొలతలు మొదలుపెట్టాను. మందుల షాపులో పెద్ద సిరంజి కొన్నాను. బాయిలరును అంచుదాకా నింపి, మళ్లీ లాగి కొలిచాను. పదహారు సిరంజిలు. మామ చెప్పిన సూత్రం ప్రకారం ముప్పావు వంతే నీళ్లు పోయాలి, మిగిలింది ఆవిరికి జాగా. అంటే పన్నెండు. స్పిరిట్ ఎంత పోయాలన్నది ఇంకా పెద్ద లెక్క, ఎందుకంటే నీళ్లు అయిపోకముందే దీపం ఆరిపోవాలి. ఖాళీ బాయిలరు కింద మంట ఉండకూడదు. ఈ లెక్కలతోనే చాలా రోజులు గడిచాయి. మామ మంచం మీద పడుకుని వింటూ ఉండేవాడు.

"లెక్క మస్తుగున్నది," అన్నాడు ఒకరోజు. "ఇగ దాన్నే పట్టాల మీద పెట్టు, ఉర్కుతదేమో సూద్దాం."

నీళ్ల సంగతి తేలికగానే తేలింది. మా బోరు నీళ్లకు టీ గిన్నెలోనే తెల్లటి పెచ్చు కడుతుంది, కాబట్టి బ్యాటరీ షాపువాడి దగ్గర బ్యాటరీలో పోసే నీళ్లు తెచ్చాను. నూనె దగ్గర తప్పు చేశాను. ఇంజనుకు చిన్న నూనె గిన్నె ఉంటుంది, ఆవిరితో పాటు అందులోని నూనె సిలిండర్లలోకి వెళ్లాలి. సాంచాల మనిషిని కదా, ఏది కిర్రుమన్నా సాంచాల నూనె పోయడమే నాకు తెలిసిన వైద్యం. ఆ పలచటి నూనె ఆవిరికి నిలబడలేదు, పిస్టన్లు బిగుసుకుపోయాయి. మామ తన పెట్టె అడుగున దాచిన సీసా తీశాడు. అందులో బెల్లంపాకం లాంటి నల్లటి నూనె ఉంది. నడిపిన ప్రతిసారీ గిన్నెలో చేరిన నీళ్లు తీసేసి మళ్లీ ఈ నూనె నింపాలని, మరిచిపోతే ఆయన్ను మామా అని పిలవొద్దని చెప్పాడు.

స్పిరిట్ మాత్రం పరువు తీసింది. గుజరాత్‌లో మందు బంద్. అలాంటి చోట మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి సగం తీసిన షట్టర్ కిందకి వంగి, స్పిరిట్ ఉందా అని అడిగితే షాపువాడు ఏమనుకుంటాడు. ఎందుకని అడిగాడు. రైలుకు అని చెప్పాను. నన్ను పైనుంచి కిందదాకా చూసి షట్టర్ దించేశాడు. సాయంత్రానికల్లా మా గల్లీలో ఒకావిడ మా ఆవిడను పక్కకు పిలిచి, ఈ అలవాటు ఎప్పటి నుంచి అని జాలిగా అడిగిందట.

"ఇన్నేండ్ల సంది తాగని మొగడని ఒక్క పేరుండె," అంది ఇంటికొచ్చి. "అది గూడ రైలుల పోసినవ్."

శానిటైజర్ మాత్రం ఎక్కడ చూసినా ఉంది. అందులో మండే భాగం ఎంతో సీసా మీదే రాసి ఉంటుంది కాబట్టి, కొంచెం ఎక్కువ పోస్తే సరిపోతుందని లెక్క కట్టాను. మంట పసుప్పచ్చగా, బద్ధకంగా వచ్చింది. ఇంజను అడుగు నల్లబడింది. వత్తులు జిగురు పట్టి వెలగడం మానేశాయి. ఆ జిగురు లెక్కలోకి రాలేదు. వత్తులు మార్చి, కతర్‌గామ్‌లో వజ్రాల ఆఫీసులకు చెక్క పాలిష్ చేసే ఒక పరిచయస్తుణ్ణి బతిమాలి సీసాడు స్పిరిట్ సంపాదించాను. దాన్ని పొదుపుగా వాడాను.

అలా ప్రతి సాయంత్రం డాబా మీద రైలు మొదలైంది. నీళ్ల ట్యాంకు దగ్గర బయలుదేరి, బట్టల తీగ కింద నుంచి వెళ్లి, మలుపు తిరిగి మళ్లీ ట్యాంకు దగ్గరికి రావాలి. నేను వంటగదిలో నీళ్లు పోసి, నూనె నింపి, పట్టాలు పరచడానికి పైకి వెళ్లేవాణ్ణి. మా ఆవిడ ఇంజనును పళ్లెంలో పెట్టుకుని తెచ్చేది. మామ గోడ పట్టుకుని మెట్లెక్కేవాడు. కళ్లు కనిపించక టీవీ లేదు, బయటికి పోయే వీలు లేదు. పగలంతా గోడకు తిరిగి పడుకునే మనిషి, ఎవరూ పిలవకుండా లేచేది ఆ ఒక్క వేళకే.

కానీ ఇంజను ఒక్క చుట్టు కూడా తిరిగేది కాదు. బయలుదేరగానే పొగగొట్టంలోంచి వేడినీళ్లు చిమ్మేది. చక్రాలు ఎగిరెగిరి పడి మలుపు దగ్గర ఆగిపోయేవి. నేను వేలితో నెట్టేవాణ్ణి. వేలు కాలేది. నెట్టి నెట్టి నడిపేలోపు పొదుపుగా పోసిన స్పిరిట్ అయిపోయేది. మామ తప్పంతా నా చేతిదని, ఆవిరి పిడి ఒక్కసారిగా తిప్పుతున్నానని అనేవాడు. నేను మెల్లగా తిప్పాను. మళ్లీ చిమ్మింది. చల్లారాక మిగిలిన నీళ్లు లాగి కొలిస్తే, ఉండాల్సిన దానికన్నా ఎప్పుడూ రెండు సిరంజిలు ఎక్కువే ఉండేవి. దీనికి నేను గాలిని బట్టి ఒక కారణం, ఇత్తడిని బట్టి ఇంకో కారణం చెప్పాను. మామ రెండూ విని, సాంచాల దగ్గర కూడా దారం ఇట్లే మిగిలితే శేఠ్‌కు ఎంత లాభమోనని అన్నాడు.

నా వేళ్లకు మూడోసారి మందు రాస్తూ మా ఆవిడ తీర్పు చెప్పింది.

"ఆదివారం దాక సూస్త. చెయ్యి పెట్టకుంట ఒక్క సుట్టు తిరగాలె. తిరగకపోతే బాపు కండ్లొచ్చేదాక ఇది అటక మీదనే."

మామ మంచం మీద గోడ వైపు తిరిగాడు.

ఆదివారం పక్క డాబాల మీద కూడా జనం చేరారు. నేను పన్నెండు సిరంజిలు, రెండుసార్లు లెక్కపెట్టి మరీ పోశాను. మా ఆవిడ ఇంజను తెచ్చి పట్టాల మీద పెట్టింది, కొంగుముడి విప్పి అగ్గిపెట్టె ఇచ్చింది. దీపం వెలిగించాను. ఆవిరి రాకముందే సేఫ్టీ వాల్వ్ చుట్టూ నీళ్లు ఊరాయి. పిడి తిప్పాను. మునుపెన్నడూ లేనంతగా చిమ్మి, బట్టల తీగ దాకా కూడా వెళ్లకుండా ఆగిపోయింది. పక్క డాబా మీద ఎవరో మర్యాదగా దగ్గారు.

మామ లేచి నిలబడ్డాడు. "అటక మీద పెట్టుండ్రి," అన్నాడు, ఎవరి వైపూ తిరగకుండా.

నాకు ఇంకేమీ తోచక, చల్లారాక అలవాటు ప్రకారం నీళ్లు లాగి పైకే లెక్కపెట్టాను. పది, పదకొండు, పన్నెండు. సిరంజి మళ్లీ ముంచాను, మళ్లీ నిండింది. పదమూడు. ఆవిరి పోయింది, అంత చిమ్మింది, అయినా పోసిన దానికన్నా ఎక్కువే మిగిలింది.

"సూసినవా బిడ్డా," అన్నాడు మామ, "నీ మొగడు నీళ్లు కాగబెట్టి పెంచుతున్నడు."

కూతురు నవ్వలేదు. పళ్లెం వైపు చూస్తూ నిలబడింది. అప్పుడు అర్థమైంది నాకు.

"నువ్వు పోసినవా?" అన్నాను.

"జరంత."

"ఎన్నడు?"

"రోజు. మెట్ల కాడ. ఇయ్యాల తిరగాలె గదా అని నిండ పోసిన."

ఎందుకని అడగబోయాను, ఆమె నన్ను దాటి తండ్రి మీదికి వెళ్లింది.

"నువ్వే గద, బాపు, మా చిన్నప్పటి సంది చెప్పినవ్. నీళ్లు తగ్గితే బాయిలరు పేలుతది, మనిషి దొరకడు అని. అన్నం తినేటప్పుడు చెప్తివి, పండేటప్పుడు చెప్తివి. ఈనె సూదిమందు పోసినట్టు లెక్కపెట్టి పోస్తుంటె నా పానం ఊకుంటదా?"

మామ కాసేపు సగం మీసం నిమురుకున్నాడు. నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదని ఒప్పుకున్నాడు. నిండుగా ఉంటే ఆవిరికి జాగా ఉండదని, నీళ్లే ఎగిరి సిలిండర్లలో పడి పిస్టన్‌ను పట్టేస్తాయని, ఇంట్లో అన్నం గిన్నె పొంగినట్టేనని చెప్పాడు. అది మొదలే చెప్తే అయిపోయేది గదా అంది ఆమె. రెండూ చెప్తే నువ్వు నిద్రపోయేదానివి కాదు అన్నాడాయన.

ఆదివారం ఇంకా అయిపోలేదని గుర్తుచేశాను. మా ఆవిడే సిరంజి అందుకుని పోసింది. పన్నెండు దగ్గర చెయ్యి ఆగింది, పదమూడోది నింపి గాల్లో పట్టుకుని తండ్రి వైపు చూసింది. ఆయనకు కనిపించదు. నేను చూస్తున్నాను కాబట్టి మొక్కల కుండీలో పోసేసింది.

ఈసారి ఇంజను రెండు చుక్కలు ఉమ్మి, తలవంచుకుని బయలుదేరింది. మామ చెవి అటు పెట్టి కూర్చున్నాడు. రోజూ ఎక్కడిదాకా వచ్చిందో నేను చెప్పేవాణ్ణి. ఆ రోజు మా ఆవిడ చెప్పింది.

"తీగ కింద పోతున్నది, బాపు. నీ లుంగీ కిందికెల్లి పోయింది. మలుపు... తిరుగుతున్నది. తిరిగింది."

స్పిరిట్ పోసేటప్పుడు నేనెప్పటిలా పొదుపు చేయలేదు, లెక్క కట్టినంతా పోశాను. అది ఎన్ని చుట్లు తిరిగిందో అప్పుడు నేను లెక్కపెట్టలేదు. తర్వాత మామ చెప్పే సంఖ్య ఏటేటా పెరుగుతోంది.

చాలా నెలలకు ఆసుపత్రులు మళ్లీ కుదురుకుని, మామకు ఆపరేషన్ అయింది. కంటి పట్టీ విప్పి ఇంటికి రాగానే కూతుర్ని చూశాడు, నన్ను చూసి నెత్తి ఎప్పుడు తెల్లబడిందని అడిగాడు, ఆ తర్వాత ఇంజను అడిగాడు. చేతిలోకి తీసుకుని దీపం వైపు, అడుగు వైపు, చక్రాల వైపు తిప్పి చూశాడు. రోజూ తుడుస్తున్నానని అన్ని నెలలూ ఆయనకు చెబుతూ వచ్చాను.

"ఇదేంది, అల్లుడా, ఇత్తడా ఇనుమా?" అన్నాడు.

చింతపండు తెమ్మని, మధ్యాహ్నమంతా కూర్చుని తోమాడు. సాయంత్రం తనే నీళ్లు పోసుకుని, అగ్గిపుల్ల కోసం చెయ్యి చాపాడు. మా ఆవిడ కొంగుముడి విప్పి అగ్గిపెట్టె ఇచ్చింది. రెండో చేతిలో చిన్న గిన్నెతో నీళ్లు ఉన్నాయి. ఎందుకని అడిగితే, నీ మీసానికి అంది.