ఆ నెయ్యంతా యాడికి పోయింది?

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. తిరుపతిలో ఒక ఆసుపత్రి షుగర్ విభాగంలో నర్సుగా ఉన్నాను. నగరిలో పవర్‌లూమ్ మీద బట్టలు నేసే మునెమ్మ తన కూతురు లావణ్యను తీసుకొచ్చింది. పిల్లకు ఇరవై దాటాయి. బుగ్గలు లోపలికి పోయి, చేతుల మీద నరాలు తేలి ఉన్నాయి. ఇన్సులిన్ ఎంత పెంచినా షుగర్ దిగడం లేదు.

"షుగరొచ్చి ఇట్లా ఎండిపోయింది సిస్టరమ్మా. నెయ్యి కారేట్టు సున్నుండలు పెడతానే ఉండా. ఆ నెయ్యంతా యాడికి పోతాండాదో!" అంది మునెమ్మ.

మనిషి సన్నబడితే షుగరేమో అంటాం కదా, ఇక్కడ కథ తలకిందులు. లావణ్యకు చిన్నప్పుడు జువెనైల్ డెర్మటోమయోసైటిస్ వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కండరాల మీద, చర్మం మీద పడే జబ్బది. అది నెమ్మదించింది గానీ, చర్మం కింది కొవ్వు కరిగిపోయింది. దీన్ని లైపోడిస్ట్రఫీ అంటారు. తిన్న కొవ్వుకు నిలవుండే చోటు లేక నెత్తురులో, కాలేయంలో చేరుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగర్ ఆ తర్వాత వచ్చిందే.

మునెమ్మ మందులకు వెళ్లినప్పుడు డాక్టరుగారు లావణ్యకు ఇదంతా చెప్పారు. నెయ్యి, నూనె బాగా తగ్గించకపోతే క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుందన్నారు. ఆయన అటు వెళ్లగానే పిల్ల నా చేయి పట్టుకుంది.

"మాయమ్మకి నెయ్యి సంగతి సెప్పొద్దు సిస్టర్. తనవల్లే ఇట్లయిందని కుమిలిపోతాది. నాకు సయించకపోయినా అందుకే తింటాండా."

"అయ్యో పిచ్చిదానా! నీకేమన్నా అయితే కుమిలిపోదా?" అని కసిరాను. కసురుతుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో మునెమ్మ రానే వచ్చింది. బల్ల మీద, డాక్టరుగారు చూపించడానికి తెప్పించిన లావణ్య రక్తం ట్యూబు ఉంది. పైన తేరిన నీరు తెల్లగా ఉంది.

"ఇదేంది, నెత్తురులో పాలు పోసినారా?"

ఇక దాచలేకపోయాను. "కొవ్వమ్మా. నీ కూతురి ఒంట్లో దానికి చోటు లేదు. నీ తప్పేం లేదు, జబ్బు తీరే అంత."

ఆమె ట్యూబు వంక, కూతురి వంక చూసింది. "అయితే ఆ నెయ్యి ఈడుండాదా," అంది. ఏడుస్తుందనుకున్నాను. సంచిలోంచి సున్నుండల డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "మీరు తినండి. నా బిడ్డకేం వండాల్నో సెప్పండి."

కొన్ని నెలలకు మందులతో, మునెమ్మ వంటతో నెత్తురులో ఆ తెలుపు పోయింది, షుగర్ దిగింది. బుగ్గలు మాత్రం రాలేదు. ఒకరోజు వాళ్లు చూపించుకోవడానికి వస్తే, వరసలో కూర్చున్న ఒకావిడ లావణ్యను చూసి ఉండబట్టలేక, "ఏమ్మా, బిడ్డకు తిండి పెట్టవా?" అనేసింది.

వడ్డించడమే ప్రేమని నేనూ అనుకునేదాన్ని. చేయి ఆపుకోవడం ఎంత కష్టమో, ఎంత గొప్పో ఆ రోజు తెలిసింది. మునెమ్మ కొంచెం కూడా నొచ్చుకోలేదు.

"నెయ్యి పెట్టకుండా సాక్కుంటాండానమ్మా," అంది.