లారీ ఆయిల్ పోసింది నేనే

మొన్న పొద్దున పక్కింటివారి కారు స్టార్టవుతూనే రెండు క్షణాలు గరగరమని సర్దుకుంటే, నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఇంజన్ల మధ్య బతికిన నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, కొన్ని చప్పుళ్లు మనిషిని ఎంత వెనక్కి లాక్కుపోతాయో.

అప్పట్లో నేను చీమకుర్తి రోడ్డులో మా పెద్దబావ షెడ్డులో పనిచేసేవాణ్ణి. మాకు అన్నం పెట్టినవి గ్రానైట్ లారీలే అయినా, ఓ క్వారీ యజమాని ముచ్చటపడి కొనుక్కున్న ఎర్రటి స్పోర్ట్స్ కారును కూడా బావ మీది నమ్మకంతో మా దగ్గరికే పంపేవారు. ఉన్నట్టుండి దానికి పొద్దున్నే గరగర మొదలైంది, హైవే ఎక్కితే పరుగు లేదు. మరో రెండుచోట్ల చూపిస్తే ఇంజన్ విప్పాలన్నారట. డ్రైవరే అడ్డదిడ్డంగా తోలి పాడుచేశాడని తీర్మానించుకుని, ఆయన అతన్ని ఆ నెలతో మానేయమన్నారు. పిల్లలు గలవాడు, పాపం, షెడ్డు బయట తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ ఇంజన్‌లో వేగాన్నిబట్టి వాల్వులు తెరుచుకునే సమయం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. జరిపేది ఆయిల్ ఒత్తిడే. ఆ ఆయిల్‌ను వదిలే చిన్న కంట్రోల్ వాల్వుకు, ఇంజన్ నడుస్తుండగానే, బావ బ్యాటరీ నుంచి వైరు తగిలించాడు. అంతా బాగుంటే ఆ సమయం వేళకాని వేళ జరిగిపోయి ఇంజన్ తడబడాలి. ఇది చలించలేదు. వాల్వు ఊడదీస్తే టిక్కుమని పనిచేస్తూనే ఉంది గాని, దాని జల్లెడ నల్లటి జిడ్డుతో పూడుకుపోయింది. బావ డిప్‌స్టిక్ తీసి, ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు.

"ఏరా, ఇది లారీ ఆయిల్ కదా! ఎవడు పోశాడు?"

ఆర్నెల్ల కిందట ఆ కారుకు పోయాల్సిన పల్చటి ఆయిల్ దొరక్క, ఏదైతేనేంలే అని చిక్కటి లారీ ఆయిల్ పోసింది నేనే. నోరు మెదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు. బయటున్న డ్రైవర్ వంక చూశాను.

"నేనే బావా."

బావ తిట్టలేదు. నేరుగా షెడ్డు ముందు కూర్చున్న యజమాని దగ్గరికి నడిచాడు. "తప్పు మా షెడ్డుదండి, మీ డ్రైవర్‌ది కాదు. ఇంజన్ విప్పే పనే లేదు. సాయంత్రానికి నడిపి చూపిస్తాను."

జల్లెడ కడిగి, లోపలి జిడ్డు పోయేలా రెండుసార్లు ఆయిల్ మార్చి, మళ్లీ వైరు తగిలిస్తే ఇంజన్ తూలి ఆగినంత పని చేసింది. ఇంజన్ తడబడినందుకు మేమిద్దరం పకపకా నవ్వుకున్నది ఆ ఒక్కరోజే. యజమాని డ్రైవర్ పక్కన కూర్చుని ఒంగోలు దాకా వెళ్లొచ్చారు. దిగుతూ అతనితో, "రేపు పెందలాడే రావయ్యా" అన్నారు.

బావ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు లోపం ఎక్కడుందో కంప్యూటర్ నిమిషంలో చెప్పేస్తోంది, సంతోషమే. అది తన వల్లే వచ్చిందని మనిషి నోటితో చెప్పుకునే అలవాటు మాత్రం మా ఈడువాళ్లతోనే పోతుందేమోనని, అప్పుడప్పుడూ దిగులేస్తుంది.