మేస్త్రి వేసిన బుష్షులు నాసిరకం కావు

అంబాజీపేట రోడ్డులో షెడ్డు పెట్టుకున్న కార్ల మేస్త్రి పోయిన మంగళవారం చనిపోయారు. కబురు తెచ్చింది మా తమ్ముడు. నా కారు నడిపేది వాడే. "మేస్త్రి పోయేరంట అక్కా. టీ తాగుతా తాగుతా పక్కకి ఒరిగిపోయేరంట" అన్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను. చేట పక్కన పెట్టి, చీర మార్చుకుని, ఆ కారులోనే వెళ్లాను.

శవం దగ్గర నాకు ఏడుపు రాలేదు. గుమ్మం బయట ఇద్దరు టాక్సీవాళ్లు మాట్లాడుకుంటున్నారు. "మనిషి మంచోడేరా. పనే నిలబడేది కాదు. ఆ ముసలమ్మగారి కారుకి ఏడాదిలో మూడుసార్లు బుష్షులేసేడు గదా" అన్నాడొకడు. ఆ మాట నాది. ఏడేళ్ల కిందట అమలాపురం టాక్సీ స్టాండులో నేనే అన్నాను. నేను అని వదిలేశాను గానీ అది ఇంకా అక్కడే తిరుగుతోంది. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆయన పనితనం మీద పడ్డ మచ్చ ఎవరి చేతిదో నలుగురికీ తెలియాలని రాయిస్తున్నాను.

మా ఆయన పోయాక నాకు మిగిలిన ఆధారం ఆ పాత తెల్ల కారు. పెళ్లిళ్లకీ, రాజమండ్రి ఆసుపత్రికీ తిప్పేవాళ్లం. తొంభైల చివరికి వచ్చేసరికి కాలవ గట్టు మీద మలుపు తిరిగితే చాలు, ఒక పక్కకి వాలిపోయేది. ఒకసారి రావులపాలెం చేరేలోపు పెళ్లికూతురు రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆ పిల్ల తండ్రి దిగి, "కారు పిలిచేమా, పడవ పిలిచేమా అండీ?" అని మా తమ్ముణ్ణి అడిగాడట. స్టాండులో వారం రోజులు అదే చెప్పుకుని నవ్వారు.

కారుని మేస్త్రి షెడ్డుకి పంపి నేనూ వెనకాలే వెళ్లాను. ఆయన కారు కిందున్న గోతిలోకి దిగి చాలాసేపు చూశారు. పైకొచ్చి కొబ్బరి పీచుతో చేతులు తోముకుంటూ, "ఎముకలు గట్టివేనండి. కీళ్ల మధ్య రబ్బర్లు పోయేయి" అన్నారు. ఇనుముకీ ఇనుముకీ రాపిడి లేకుండా మధ్యలో ఉండే ఆ రబ్బర్లనే బుష్షులంటారు. అవి మార్చి, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే కడ్డీ తీసి లావుది వేద్దామన్నారు.

"కడ్డీ లావైతే వాలడం ఎలా ఆగుద్ది? నన్ను మాయ చెయ్యకు మేస్త్రీ" అన్నాను.

ఆయన వాదించలేదు. దడి పక్కనుంచి పచ్చి కొబ్బరాకు ఒకటి లాక్కొచ్చి, కొస దగ్గర సన్నటి మట్ట ముక్క ఒకటి, మొదలు వైపు లావుపాటి ముక్క ఒకటి నరికారు. సన్నదాని ఒక చివర నా చేతికిచ్చి రెండో చివర మెలితిప్పారు. అది ఆయన చేతిలోనే తిరిగింది, నా చేతికి తెలియలేదు. లావుది తిప్పితే నా మణికట్టు కూడా తిరిగింది. "అంతేనండి. బండి ఒక పక్క వాలబోతే రెండో పక్క పట్టుకు లాగుద్ది" అన్నారు. చదువు లేనివాళ్లకి అలా చెప్పినవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు.

కడ్డీ విజయవాడ నుంచి తెప్పించారు. బిగించడంలో ఆయనకో పద్ధతి ఉండేది. కారు జాకీ మీద ఉండగా బుష్షుల బోల్టులు చివరి బిగింపు బిగించేవారు కాదు. గోతి మీద చక్రాలతో నిలబెట్టి, దారిన పోయేవాళ్లని పిలిచి లోపల కూర్చోబెట్టేవారు. "బరువు మోసేటప్పుడు ఎలా ఉంటదో అలా ఉండగా బిగించాలండి. లేపోతే రబ్బరు మొదటి రోజే మెలిపడిపోద్ది" అనేవారు. ఆ రోజు ముందు సీట్లో నేను, వెనక ఒక కొబ్బరి వ్యాపారి, ఇద్దరు టీచరమ్మలు.

"ప్రయాణం ఎక్కడికండీ?" అన్నాడు వ్యాపారి.

"ఎక్కడికీ లేదండి. కదలకుండా కూర్చోండి" అన్నారు మేస్త్రి గోతిలోంచి.

ఆ తర్వాత మలుపుల్లో కారు కుదురుగా నిలబడింది. రెండు నెలలకి ఎండలు ముదిరాయి. గతుకులో పడితే ముందు చక్రాల దగ్గర కీచుమని చప్పుడు మొదలైంది. మా ఇంట్లో కీచుమనే వాటన్నిటికీ ఒకటే మందు. తలుపు బందులకీ, నూతి గిలకకీ, కుట్టుమిషనుకీ కొబ్బరి నూనే. శుక్రవారం కారుకి పసుపు కుంకుమ పెట్టినప్పుడు, గుడ్డ పీలికతో అందినంతవరకూ బుష్షులకి నూనె పట్టించాను. చప్పుడు పోయింది. ఇక ప్రతి శుక్రవారం పట్టించాను. నాలుగు నెలలు తిరక్కుండా రబ్బర్లు ఉబ్బి, జిగురుగా మెత్తబడిపోయాయి. కారు మళ్లీ వాలింది.

షెడ్డుకి వెళ్లి పదిమందిలో దులిపేశాను. "ఇదేం సరుకు మేస్త్రీ? ఆడదాని బండే గదాని చెత్త తగిలించేవా?" అన్నాను. ఆయన పాడైన బుష్షు వేలితో నొక్కి, వాసన చూసి, నా వైపు చూశారు. "ఆయ్, మారుస్తానండి" అన్నారు. కొన్ని నెలలకి మళ్లీ అదే గొడవ. మూడో జత వేయించుకుని తిన్నగా స్టాండుకి వెళ్లాను. "నాసిరకం వేస్తాడు, ఆ షెడ్డు గడప తొక్కకండి" అని చెప్పాను. స్టాండులో నా మాటకి విలువుండేది. నలుగురు కార్లు వేరే షెడ్డుకి మళ్లించారు.

మర్నాడు ఆయన మా ఇంటికొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మగారూ, బుష్షులకి కొబ్బరి నూనె రాస్తున్నారాండి?"

"రాస్తున్నాను. అయితే?"

"రబ్బరుకి నూనె పడదండి, తినేస్తది. కీచుమంటే సబ్బు నీళ్లు కొట్టండి, చాలు. నూనె పెట్టొద్దని మీ తమ్ముడుగారికి మొదట్లోనే చెప్పేనండి."

మా తమ్ముడు పెరట్లోంచి, "ఇంజనాయిలు అనుకున్నానక్కా. తలకి రాసుకునే నూనె సంగతని నాకేం తెలుసు?" అన్నాడు.

"మొదటిసారే వాసన చూసేవుగా మేస్త్రీ. అప్పుడే చెప్పకపోయేవా?"

"మీరు అరుస్తున్నారు కదండి. ఆగేక చెబుదామనుకున్నాను. మీరు ఆగలేదండి."

"రెండోసారి?"

"రెండోసారీ ఆగలేదండి."

సబ్బు నీళ్లు కొట్టాం. ఆ మూడో జతే ఐదేళ్లు నడిచింది. నేను మాత్రం స్టాండుకి వెళ్లి నా మాట వెనక్కి తీసుకోలేదు. మొగుడు లేని మనిషి కార్ల వ్యాపారం చేస్తోంది, తెలివితక్కువదన్న పేరొస్తే ఎవరూ కారు పిలవరనుకున్నాను. అది నిజమో సాకో ఇప్పుడు తేల్చను. చెప్పమని ఆయనా అడగలేదు. ఒకరి బండి సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తే అలవాటు ఆయనకి లేదు. ఆ తర్వాత కూడా నా కారుకి ఎప్పటిలాగే పని చేశారు. "చప్పుడు చేసే బండి మంచిదండి, ముందే చెబుద్ది" అనేవారు. ఆ వెళ్లిపోయిన నాలుగు కార్లూ తిరిగి రాలేదు.

మొన్న శనివారం మేస్త్రి వాళ్ల పెరట్లో పందిరి వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాటలయ్యాక పాస్టరుగారు, పోయినవారి గురించి ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగారు. మాది ఆ మతం కాదు, అక్కడి పద్ధతులు నాకు తెలియవు. లేచాను.

"ఆ బుష్షులు పాడు చేసింది నేను. కొబ్బరి నూనె రాసి పాడు చేసేను. ఆ సంగతి నాకు మేస్త్రి చెప్పేరు, నేను స్టాండులో చెప్పలేదు. ఆయన వేసిన సరుకు మంచిది. పని మంచిది."

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. టాక్సీవాళ్లు నేల చూశారు. ముందు వరుసలోంచి ఆయన భార్య, "మాకు తెలుసండి. అప్పుడే ఇంట్లో చెప్పేరు" అంది.

"మరి నువ్వైనా స్టాండులో చెప్పకపోయేవా?" అన్నాను.

"అది మీరు చెప్పాల్సిన మాటండి. కూర్చోండి" అంది.

కూర్చున్నాను. ప్రార్థన అయింది, అందరూ లేచారు. పెరట్లోంచి రోడ్డు మీదికి ఒకటే దారి, దానికి అడ్డంగా దండెం. ఆవిడ ఆయన ఖాకీ చొక్కా ఉతికి దాని మీద ఆరేసింది. వీపున అంటిన గ్రీజు నలుపు ఉతుకులకి పోలేదు. టాక్సీవాళ్లు ఒక్కొక్కరే దాని కింద తల వంచుకుని బయటికి నడిచారు. వాళ్ల వెనక నేను. నేను పొట్టిదాన్ని, వంగక్కర్లేదనుకున్నాను. తడి చొక్కా అంచు నా నెత్తికి తగిలింది.